చిన్న వ్యాపారాల ఈ-మెయిల్ స్వయంచాలన: తెలుగు లేఖారచనలోని భాషా సమస్యలు – ఎల్లారెడ్డి నేపథ్యం

వ్యాస సంగ్రహం:

ఒక వ్యాపారి తన వినియోగదారులకు పంపవలసిన లేఖలను ముందుగానే రాసి ఉంచి, నిర్ణీత సందర్భం ఏర్పడగానే అవి వాటంతట అవే చేరేలా చేసే ఏర్పాటును ఈ-మెయిల్ స్వయంచాలన అంటారు. ఈ విధానం పెద్ద సంస్థల నుంచి చిన్న దుకాణాల వరకు విస్తరించింది. దీనికి అవసరమైన సాధనాలు చాలావరకు ఆంగ్ల వాక్యనిర్మాణాన్ని దృష్టిలో ఉంచుకొని రూపొందినవి. వాటిలో తెలుగు లేఖలను ఇమిడ్చినప్పుడు విభక్తి, వచనం, సంబోధన, లిపి వంటి అంశాల్లో సమస్యలు తలెత్తుతాయి. కామారెడ్డి జిల్లాలోని ఎల్లారెడ్డి వంటి చిన్న పట్టణాన్ని నేపథ్యంగా తీసుకొని, స్వయంచాలన ఏర్పాటు క్రమాన్ని వివరించడం, తెలుగు మూసల్లో ఎదురయ్యే భాషా సమస్యలను గుర్తించి పరిష్కారాలు సూచించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: ఈ-మెయిల్, స్వయంచాలన, చిన్న వ్యాపారం, తెలుగు మూసలు, విభక్తి, సమ్మతి, యూనికోడ్, ఎల్లారెడ్డి.

1. ప్రవేశిక:

వినియోగదారుని గుర్తుపెట్టుకోవడం వ్యాపారానికి కొత్త కాదు. తెలంగాణ పల్లెల్లోని కిరాణా దుకాణంలో ఖాతా పుస్తకం ఈ పనినే చేసేది. ఎవరు ఏ నెలలో ఏ సరుకు తీసుకుపోతారు, ఎవరి ఉద్దెర ఎంత మిగిలింది, ఎవరింట్లో పెళ్లి ఉంది అన్న సమాచారం కొంత పుస్తకంలోను, కొంత దుకాణదారు జ్ఞాపకంలోను ఉండేది. సమయం చూసి ఒక మాట చెప్పడం, అవసరాన్ని ముందే పసిగట్టి సరుకు తెప్పించడం ఆ జ్ఞాపకం మీద ఆధారపడిన పనులు. ఈ-మెయిల్ స్వయంచాలన ఆ జ్ఞాపకాన్ని యంత్రానికి అప్పగిస్తుంది.

అయితే దుకాణదారు మాటకు, యంత్రం పంపే లేఖకు మౌలికమైన భేదం ఉంది. దుకాణదారు ఎదుటివారి వయస్సు, హోదా, మనఃస్థితి చూసి మాట మార్చుకుంటాడు. అందరి ముందు ఉద్దెర ప్రస్తావన తేకూడదని అతనికి తెలుసు. యంత్రానికి ఈ విచక్షణ లేదు. ఒకసారి రాసిన వాక్యం వందల మందికి అదే రూపంలో చేరుతుంది. పేరు తప్పుపడినా, సంబోధన అతకకపోయినా, రహస్యంగా ఉండవలసిన బాకీ వివరం మరొకరి కంటపడినా నష్టపోయేది వ్యాపారి మీద ఉన్న నమ్మకమే. అందువల్ల స్వయంచాలన సాంకేతిక విషయమైనంతగా భాషా విషయం కూడా. తెలుగులో భాషాశాస్త్ర, వ్యాకరణ అధ్యయనాలు చేసినవారు పట్టించుకోవలసిన అనువర్తన రంగాల్లో ఇది ఒకటి.

2. స్వయంచాలన – చారిత్రక నేపథ్యం:

కంప్యూటర్ల మధ్య ఈ-మెయిల్‌ను 1971లో రే టామ్లిన్‌సన్ ప్రవేశపెట్టారు. వ్యక్తి పేరును, యంత్రం పేరును వేరుచేయడానికి ఆయన ఎంచుకున్న @ గుర్తే నేటికీ వాడుకలో ఉంది. 1978 మే నెలలో గ్యారీ థ్యూర్క్ అనే విక్రయాధికారి తమ సంస్థ కంప్యూటర్ల ప్రదర్శన గురించి అర్పానెట్‌లోని సుమారు 400 మందికి ఒకే లేఖ పంపారు. అడగకుండా పంపిన తొలి వాణిజ్య ఈ-మెయిల్‌గా దానిని పేర్కొంటారు. అంటే ఈ-మెయిల్ ద్వారా వ్యాపార ప్రచారమూ, దానిపై అభ్యంతరమూ ఒకేసారి పుట్టాయి. 1999లో సేత్ గోడిన్ ప్రతిపాదించిన అనుమతి ఆధారిత విపణన భావన ఈ వివాదానికి ఒక సమాధానం. వినియోగదారు కోరిన తర్వాతనే లేఖ పంపాలన్నది దాని సారాంశం. అమెరికాలో 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం, ఐరోపా సమాఖ్యలో 2018 నుంచి అమలవుతున్న వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధనలు ఈ రంగాన్ని చట్టబద్ధం చేశాయి.

తెలుగువారి ఈ-మెయిల్ చరిత్రకు మరొక పార్శ్వం ఉంది. కంప్యూటర్లో తెలుగు లిపి అందుబాటులో లేని 1990 దశకంలో విదేశాల్లోని తెలుగువారు రోమన్ లిపిలోనే తెలుగు లేఖలు రాసుకొనేవారు. కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన రైస్ లిప్యంతరీకరణ పద్ధతి ఇందుకు తోడ్పడింది. హ్రస్వదీర్ఘాలను, న-ణ, ల-ళ భేదాలను చిన్న, పెద్ద రోమన్ అక్షరాలతో వేరుచేసిన పద్ధతి అది. తర్వాతి కాలంలో యూనికోడ్ వ్యాప్తి, వీవెన్ రూపొందించిన లేఖిని వంటి ఉపకరణాలు తెలుగు లిపిలో రాయడాన్ని సుగమం చేశాయి. సందేశాల విషయంలో హైదరాబాదులో రాజు వనపాల స్థాపించిన వే టు ఎస్.ఎం.ఎస్. ఉచిత సంక్షిప్త సందేశాల ద్వారా ప్రసిద్ధమై, అనంతర కాలంలో తెలుగు సంక్షిప్త వార్తల వైపు మళ్లింది. తెలుగు పాఠకునికి తెలుగు లిపిలో నేరుగా చేరడమే విలువైనదని ఈ పరిణామం కూడా సూచిస్తుంది.

3. ఎల్లారెడ్డి – వ్యాపార పరిసరాలు:

2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుంచి వేరుపడి ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజన్లు. మంజీర నదిపై 1923–31 మధ్య నిర్మితమైన నిజాంసాగర్ జలాశయం ఈ ప్రాంత వ్యవసాయానికి ఆధారం. నాగిరెడ్డిపేట, లింగంపేట, గాంధారి, నిజాంసాగర్ మండలాలు ఎల్లారెడ్డికి ఇరుగుపొరుగు. విత్తనాలు, ఎరువులు, బట్టలు, కిరాణా, పిండివంటలు, ముద్రణ, విద్యాసంస్థల సామగ్రి వంటి చిన్న వ్యాపారాలు ఇటువంటి పట్టణానికి జీవనాడులు.

ఈ నేపథ్యంలో ఈ-మెయిల్ ఎవరికి ఉపయోగపడుతుందన్న ప్రశ్న ముందుగా తేల్చుకోవలసినది. విత్తనాలు కొనే రైతుకు ఫోన్ పిలుపో, సంక్షిప్త సందేశమో, వాట్సాప్ సందేశమో చేరుతుంది. అతని ఈ-మెయిల్ పెట్టెలోకి లేఖ పంపడం వల్ల ప్రయోజనం తక్కువ. పాఠశాలలు, కళాశాలలు, కార్యాలయాలు, టోకు వ్యాపారులు, హైదరాబాదులో స్థిరపడిన ఉద్యోగులు మాత్రం ఈ-మెయిల్‌ను నిత్యం చూస్తారు. ఉమ్మడి నిజామాబాదు జిల్లా నుంచి గల్ఫ్ దేశాలకు వలసపోయినవారు, అమెరికాలో చదువుకొంటున్న, ఉద్యోగాలు చేస్తున్న ఈ ప్రాంతపు యువత ఊరిలోని తల్లిదండ్రుల కోసం సరుకులు పంపించమని అడిగే వినియోగదారులు కాగలరు. కినిగె వంటి తెలుగు ఈ-పుస్తక విక్రయ వేదికలకు ప్రపంచమంతటా పాఠకులు ఉన్నట్లే, స్థానిక పిండివంటల దుకాణానికీ దూరదేశాల్లో వినియోగదారులు ఉండవచ్చు. ఈ-మెయిల్ స్వయంచాలనకు చిన్న పట్టణంలో సార్థకత ఈ వర్గాల విషయంలోనే.

మరొక స్థానిక వాస్తవాన్ని కూడా గమనించాలి. దరఖాస్తుల కోసం ఇంటర్నెట్ కేంద్రానికి వెళ్లినప్పుడు అక్కడి నిర్వాహకుడు అప్పటికప్పుడు సృష్టించి ఇచ్చిన ఈ-మెయిల్ చిరునామా చాలామందికి ఉంటుంది. దాని సంకేతపదం ఆ వ్యక్తికే తెలియకపోవచ్చు. ఒక కుటుంబానికంతటికీ ఒకే చిరునామా ఉండటమూ సహజం. ఈ పరిస్థితిలో చిరునామా ఉన్నంత మాత్రాన ఆ వ్యక్తికి లేఖ చేరిందని భావించరాదు. ఉద్దెర, వైద్యం, విద్యా రుసుము వంటి విషయాలను స్వయంచాలిత లేఖలో రాయకపోవడమే మర్యాద.

4. ఏర్పాటు క్రమం:

4.1 సమ్మతి:

స్వయంచాలనకు తొలి మెట్టు చిరునామాల సేకరణ. చిరునామాల జాబితాలను కొనడం, ఇతరుల నుంచి తీసుకోవడం వర్జనీయం. వినియోగదారు స్వయంగా ఇచ్చిన చిరునామాకు ముందుగా ఒక ధ్రువీకరణ లేఖ పంపి, అందులోని లంకెను నొక్కిన తర్వాతనే జాబితాలో చేర్చే ద్వంద్వ సమ్మతి విధానం శ్రేయస్కరం. ఇంటర్నెట్ కేంద్రాల్లో పుట్టిన, వాడుకలో లేని చిరునామాలు ఈ దశలోనే తొలగిపోతాయి.

భారతదేశంలో వాణిజ్య ఫోన్ పిలుపులను, సంక్షిప్త సందేశాలను ట్రాయ్ 2018లో రూపొందించిన నిబంధనలు నియంత్రిస్తున్నాయి. వాటి ప్రకారం పంపేవారి పేరును, సందేశపు మూసను ముందుగా నమోదు చేయాలి. ఈ నిబంధనలు ఈ-మెయిల్‌కు వర్తించవు. ఈ-మెయిల్ చిరునామా వ్యక్తిగత సమాచారం కాబట్టి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పరిధిలోకి వస్తుంది. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, నిస్సందేహంగా ఉండాలని, సమ్మతి ఇవ్వడం ఎంత సులభమో ఉపసంహరించుకోవడమూ అంతే సులభంగా ఉండాలని ఆ చట్టం చెబుతోంది. 2025 నవంబరులో వెలువడిన నియమావళి ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల వ్యవధి ఇచ్చింది.

భాషా అధ్యయన దృష్టితో చూస్తే ఈ చట్టంలో ముఖ్యమైన అంశం మరొకటి ఉంది. సమ్మతి కోసం ఇచ్చే ప్రకటనను ఆంగ్లంలో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషల్లో దేనిలోనైనా గాని చదువుకొనే అవకాశం కల్పించాలి. తెలుగు ఆ షెడ్యూలులోని భాష. అంటే తెలుగులో స్పష్టమైన సమ్మతి ప్రకటన రాయడం చట్టం కల్పించిన అవసరమే. ఆంగ్ల ప్రకటనను యంత్రానువాదం చేసి అతికించినట్లయితే చట్టం అక్షరాలా పాటించినట్లు కనిపించినా, వినియోగదారుకు అర్థం కాని సమ్మతి సమ్మతి కాజాలదు.

4.2 పంపేవారి గుర్తింపు:

ఉచిత వ్యక్తిగత చిరునామా నుంచి వందల లేఖలు పంపడం సరైన పద్ధతి కాదు. వ్యాపారానికి సొంత డొమైన్ పేరు ఉండాలి. దానికి మూడు గుర్తింపు ఏర్పాట్లు చేయాలి. ఈ డొమైన్ పేరుతో లేఖలు పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో ఎస్.పి.ఎఫ్. ప్రకటిస్తుంది. లేఖ దారిలో మార్పు చెందలేదని డి.కె.ఐ.ఎం. డిజిటల్ సంతకంతో నిరూపిస్తుంది. ఈ పరీక్షల్లో నెగ్గని లేఖను ఏమి చేయాలో స్వీకరించే సర్వరుకు డి.ఎం.ఏ.ఆర్.సి. తెలుపుతుంది. పెద్ద సంఖ్యలో, గూగుల్ లెక్కలో రోజుకు 5,000కు మించి, లేఖలు పంపేవారు ఈ మూడింటినీ పాటించాలని, ఒక్క నొక్కుతో జాబితా నుంచి వైదొలగే వీలు కల్పించాలని గూగుల్, యాహూ సంస్థలు 2024 ఫిబ్రవరి నుంచి నిబంధన విధించాయి. చిన్న వ్యాపారికి ఆ సంఖ్య చాలా దూరమే. అయినా తక్కువ సంఖ్యలో పంపేవారికి సైతం కనీస గుర్తింపు తప్పనిసరి.

అవాంఛిత లేఖ అన్న ఫిర్యాదుల నిష్పత్తి 0.3 శాతానికి చేరరాదన్నది గూగుల్ మార్గదర్శకం. 300 మంది ఉన్న జాబితాలో ఒక్కరు ఫిర్యాదు చేసినా ఆ నిష్పత్తి 0.33 శాతమవుతుంది. చిన్న జాబితా ఉన్న వ్యాపారి ప్రతి ఒక్క వినియోగదారు ఇష్టానిష్టాలను పట్టించుకోవలసిన కారణం ఈ లెక్కలోనే ఉంది.

4.3 లేఖల వరుస:

మెయిల్‌చింప్, జోహో క్యాంపెయిన్స్, బ్రెవో వంటి సేవలు, సొంత సర్వరులో నడుపుకోదగిన లిస్ట్‌మాంక్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఈ పనికి ఉన్నాయి. సాధనం ఏదైనా మూల భాగాలు మూడే: ప్రేరక ఘటన, నిరీక్షణ కాలం, లేఖ. వినియోగదారు చేరడం, సరుకు కొనడం, చాలాకాలం కొనకపోవడం, ఒక తేదీ సమీపించడం ప్రేరక ఘటనలు. ఘటన జరిగిన తర్వాత ఎంత వ్యవధికి లేఖ వెళ్లాలో నిరీక్షణ కాలం నిర్ణయిస్తుంది.

ఉదాహరణకు ఎల్లారెడ్డిలో సకినాలు, గరిజెలు, అరిసెలు తయారుచేసి అమ్మే ఒక దుకాణాన్ని ఊహించుకోవచ్చు. దానికి ఐదు లేఖలు సరిపోతాయి. సమ్మతి ఇచ్చిన వెంటనే స్వాగత లేఖ. సరుకు పంపిన రోజున వివరాల లేఖ. సరుకు చేరిన ఐదారు రోజులకు రుచి, నాణ్యతల గురించి అడిగే లేఖ. సంక్రాంతికి మూడు వారాల ముందు పండుగ సరుకును గుర్తుచేసే లేఖ. ఆరు నెలలపాటు ఏమీ కొననివారికి, ఇక ముందు లేఖలు పంపమంటారా అని అడిగే ఒక్క లేఖ. దానికి జవాబు రాకపోతే ఆ పేరును జాబితా నుంచి తొలగించాలి. సంక్రాంతి లేఖ దేశాన్ని బట్టి వేర్వేరు వేళల్లో వెళ్లాలి. సౌదీ అరేబియా కాలమానం మనకంటే రెండున్నర గంటలు, యు.ఎ.ఇ. కాలమానం గంటన్నర వెనుక. ఇక్కడ ఉదయం ఆరింటికి పంపిన లేఖ అక్కడివారికి తెల్లవారకముందే చేరుతుంది.

ఐదు లేఖలనూ ఒకేసారి మొదలుపెట్టనవసరం లేదు. స్వాగత లేఖ, వివరాల లేఖ చక్కగా నడిచిన తర్వాత మిగిలినవి చేర్చుకోవచ్చు. ప్రతి మూసనూ దుకాణపు సొంత చిరునామాకు, భిన్నమైన పేర్లతో, ఖాళీ పేరుతో కూడా పంపి చూసిన తర్వాతనే అమలులో పెట్టాలి.

4.4 ఫలితాల అంచనా:

ఎంతమంది లేఖను తెరిచారన్న లెక్కను ఒకప్పుడు ప్రధాన ప్రమాణంగా భావించేవారు. 2021లో యాపిల్ సంస్థ తన మెయిల్ అనువర్తనంలో ప్రవేశపెట్టిన గోప్యతా రక్షణ వల్ల చదవని లేఖలు కూడా తెరిచినట్లు నమోదవుతున్నాయి. కాబట్టి వచ్చిన జవాబులు, తిరిగి కొన్నవారు, వైదొలగినవారు అన్న మూడు అంశాలే చిన్న వ్యాపారికి నమ్మదగిన కొలమానాలు.

5. తెలుగు మూసలు – భాషా సమస్యలు:

స్వయంచాలిత లేఖలో స్థిరపాఠం, చరపాఠం అని రెండు భాగాలు ఉంటాయి. పేరు, ఊరు, సరుకు, సంఖ్య, తేదీ వంటివి చరపాఠం. జాబితా నుంచి వీటిని తీసుకొని యంత్రం స్థిరపాఠంలోని ఖాళీల్లో నింపుతుంది. ఆంగ్లంలో నామపదం రూపం మారకుండా దాని ముందు విభక్తి స్థానంలో మరొక పదం వస్తుంది. అందువల్ల ఖాళీని నింపడం అక్కడ తేలిక. తెలుగులో ప్రత్యయం నామానికి పరంగా చేరి, నామాన్ని మారుస్తుంది, తానూ మారుతుంది. సమస్యకు మూలం ఇదే.

5.1 విభక్తి ప్రత్యయాలు:

ఇకారాంత శబ్దాల తర్వాత కు, ను, వులలోని ఉకారం ఇకారంగా మారుతుందని బాలవ్యాకరణం విధించింది. ఆధునిక భాషలోనూ ఈ నియమం కొనసాగుతోంది. ఊరు అనే ఖాళీ తర్వాత కు అని స్థిరంగా రాస్తే బాన్సువాడకు, లింగంపేటకు సరిపోతుంది. ఎల్లారెడ్డి, గాంధారి అన్న పేర్లు వచ్చినప్పుడు ఎల్లారెడ్డికు, గాంధారికు అన్న దుష్ట రూపాలు ఏర్పడతాయి. ఖమ్మం వంటి అనుస్వారాంతాలు ఖమ్మానికి అని అంగాన్నే మార్చుకుంటాయి. ఒకే మూస ఈ మూడు వర్గాలకూ చాలదు. లో ప్రత్యయం ఎల్లారెడ్డిలో, బాన్సువాడలో, ఖమ్మంలో అని ఏకరూపంగా నిలుస్తుంది కాబట్టి ఊళ్ల పేర్ల విషయంలో చతుర్థి కంటే అది సురక్షితం. అదీ కుదరని చోట ప్రత్యయం లేకుండా, చేరవలసిన ఊరు: ఎల్లారెడ్డి అని పట్టిక పద్ధతిలో రాయడం ఉత్తమం.

5.2 హలంత నామాలు:

నిజాంసాగర్, రమేశ్ వంటి హలంత నామాలకు ప్రత్యయం నేరుగా చేరితే నిజాంసాగర్కు, రమేశ్కు అని సంయుక్తాక్షరం ఏర్పడి పేరు గుర్తుపట్టలేని విధంగా మారుతుంది. పొల్లుకు, ప్రత్యయానికి మధ్య యూనికోడ్‌లోని సున్నా వెడల్పు అయోజక సంకేతాన్ని ఉంచితే నిజాంసాగర్‌కు, రమేశ్‌కు అన్న సరైన రూపాలు వస్తాయి. మూసలో ఖాళీ వెంటనే ఈ సంకేతాన్ని స్థిరంగా ఉంచవచ్చు. అజంత నామాల తర్వాత అది ఉన్నా రూపంలో మార్పు కనిపించదు.

5.3 సంబోధన, గౌరవం:

ఆంగ్ల లేఖల ప్రారంభ పదానికి అనువాదంగా ప్రియమైన అన్న మాట స్వయంచాలిత లేఖల్లో ప్రబలింది. తెలుగులో ఈ విశేషణం సన్నిహితులకు పరిమితం. పరిచయం లేని స్త్రీని, వయస్సులో పెద్దవారిని దుకాణదారు ప్రియమైన అని సంబోధించడం అనుచితం. మ.రా.రా.శ్రీ మొదలుకొని గారికి నమస్కారములు వరకు తెలుగు లేఖల్లో ప్రారంభానికి గౌరవవాచకాలే ఆధారం.

గారు అన్న పదం స్వయంచాలనకు బహుముఖంగా ఉపకరిస్తుంది. పేరు ఇకారాంతమైనా, అకారాంతమైనా, హలంతమైనా లక్ష్మి గారికి, సీత గారికి, రమేశ్ గారికి అని చతుర్థి ఏకరూపమవుతుంది. లక్ష్మీ, రామా, అన్నయ్యా వంటి భిన్న సంబోధన రూపాల అవసరం తప్పి, గారూ అన్న ఒకే రూపం సరిపోతుంది. క్రియ గౌరవ బహువచనంలో ఉంటుంది కాబట్టి స్త్రీ పురుష భేదమూ తెలియనవసరం లేదు. సంస్థల పేర్లకు మాత్రం గారు అతకదు. ట్రేడర్స్ గారికి అనడం హాస్యాస్పదం. ట్రేడర్స్ వారికి అన్నది వాడుక. అందువల్ల జాబితాలో వ్యక్తి, సంస్థ అని వేరొక గడి ఉంచి గారు, వారు అన్న పదాల్లో ఒకటి ఎంచుకొనేలా చేయాలి. పేరు లేని చోట గారికి నమస్కారం అన్న తలలేని వాక్యం వెళ్లకుండా, నమస్కారం అన్న పదం మాత్రమే మిగిలేటట్లు ప్రత్యామ్నాయ పాఠం సిద్ధం చేయాలి.

దుకాణంలో అన్నా, అక్కా, చిన్నమ్మా అన్న బంధువాచకాలు ఆత్మీయతకు చిహ్నాలు. వయస్సు, వరుస తెలియని యంత్రం వాటిని వాడటం అసభ్యతగా పరిణమించే ప్రమాదం ఉంది. వాటిని ముఖాముఖి సంభాషణకే వదిలివేయాలి.

5.4 సంఖ్య, వచనం:

సంచి–సంచులు, పొట్లం–పొట్లాలు, డబ్బా–డబ్బాలు అన్నట్లు బహువచన రూపాలు శబ్దాన్ని బట్టి మారతాయి. క్రియ కూడా వచ్చింది, వచ్చాయి అని మారుతుంది. మనుష్యవాచకాలకు ఇద్దరు, ముగ్గురు, నలుగురు అని ప్రత్యేక సంఖ్యావాచకాలు ఉన్నాయి. 1 మంది అన్న రూపం తెలుగులో లేదు. ప్రతి శబ్దానికీ ఏకవచన, బహువచన రూపాలను వేర్వేరుగా జాబితాలో ఉంచడం ఒక మార్గం. పొట్లాల సంఖ్య: 2 అని నామాన్ని ముందు, అంకెను వెనుక ఉంచడం అంతకంటే సులభ మార్గం. 1 ఉన్నా, 12 ఉన్నా ఆ నిర్మాణం చెడదు.

5.5 పేర్ల లిపి:

వినియోగదారుల జాబితాలు సాధారణంగా రోమన్ లిపిలో ఉంటాయి. దరఖాస్తుల్లో వాడే రోమన్ లిపి హ్రస్వదీర్ఘాలను, న-ణ భేదాన్ని సూచించదు. ఆర్-ఎ-ఎమ్-ఎ అన్న నాలుగు అక్షరాలు రమ కావచ్చు, రామ కావచ్చు. ఒకటి స్త్రీ పేరు, మరొకటి పురుషుని పేరు. రైస్ పద్ధతి ఈ భేదాన్ని పాటించినా దరఖాస్తు నింపేవారు ఆ పద్ధతిని అనుసరించరు. యంత్ర లిప్యంతరీకరణ ఊహ మీద ఆధారపడుతుంది. తన పేరు తప్పుగా రాసిన లేఖను ఎవరూ ఆదరంగా చదవరు. చిరునామా తీసుకొనే సమయంలోనే పేరును తెలుగు లిపిలో నమోదు చేయడం దీనికి ఏకైక పరిష్కారం. దుకాణంలో ఆ క్షణాన వ్యక్తి ఎదురుగానే ఉంటాడు కాబట్టి అడిగి రాసుకోవడం చిన్న వ్యాపారికి సాధ్యమే.

5.6 లిపి పరిమాణం:

ఎల్లారెడ్డి అన్న పదంలో పాఠకునికి కనిపించేవి ఎ, ల్లా, రె, డ్డి అన్న నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో అవి 11 సంకేతాలు. యు.టి.ఎఫ్.-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కాబట్టి మొత్తం 33 బైట్లు. ఇదే పేరు రోమన్ లిపిలో 10 బైట్లు. ఈ-మెయిల్ రవాణాకు బేస్-64 పద్ధతిలో మార్చినప్పుడు తెలుగు పదం 44, కోటెడ్-ప్రింటబుల్ పద్ధతిలో 99 సంకేతాలవుతుంది. సుమారు 102 కిలోబైట్లు దాటిన లేఖను జీమెయిల్ మధ్యలో కత్తిరిస్తుంది. వైదొలగే లంకె లేఖ చివర ఉండటం వాడుక కాబట్టి, కత్తిరింపులో ముందుగా కనబడకుండా పోయేది అదే. తెలుగు లేఖను క్లుప్తంగా, అలంకరణ సంకేతాల భారం లేకుండా రాయవలసిన కారణం ఇది.

సంక్షిప్త సందేశంలో ఈ వ్యత్యాసం ఖర్చుగా మారుతుంది. రోమన్ లిపిలో ఒక సందేశానికి 160 సంకేతాల పరిమితి ఉండగా తెలుగులో 70 మాత్రమే. ఎల్లారెడ్డి అన్న పేరొక్కటే అందులో ఆరో వంతుకు దగ్గరగా ఆక్రమిస్తుంది. వ్యాపారులు తెలుగును రోమన్ లిపిలో రాయడానికి మొగ్గుచూపేందుకు ఇది ఒక కారణం. ఈ-మెయిల్‌లో ఇటువంటి ధర భేదం లేదు. కనుక తెలుగు లిపికి సంక్షిప్త సందేశం కంటే ఈ-మెయిల్ అనుకూలమైన మాధ్యమం.

5.7 ప్రాంతీయ పదజాలం, వాక్య శైలి:

పాఠకుని భాష తెలియని లేఖ పరాయిదిగా కనిపిస్తుంది. ఎల్లారెడ్డి ప్రాంతంలో కొట్టు కంటే దుకాణం, అరువు కంటే ఉద్దెర, ధాన్యం కంటే వడ్లు, మొక్కజొన్న కంటే మక్కలు సహజ పదాలు. ఖరీఫ్, రబీలకు వానాకాలం, యాసంగి అన్న పదాలను రాష్ట్ర ప్రభుత్వమూ వాడుతోంది. క్రియారూపాల్లో ప్రమాణ భాషను, నామవాచకాల్లో స్థానిక పదాలను పాటించడం వ్యాపార లేఖకు సమతూకాన్ని ఇస్తుంది. జిల్లా పశ్చిమ భాగాన కన్నడ, మరాఠీ భాషల ప్రభావం ఉంది. పట్టణాల్లో ఉర్దూ మాట్లాడేవారు ఉన్నారు. జాబితాలో భాష అన్న గడి కూడా అవసరమే.

పంపబడినది, స్వీకరించబడినది వంటి కర్మణి ప్రయోగాలు, చెల్లించగలరు వంటి కార్యాలయ క్రియలు దుకాణపు లేఖకు నప్పవు. పంపాం, అందింది, చెల్లించండి అన్న రూపాలు సూటిగా ఉంటాయి. వైదొలగే లంకెకు చందా రద్దు అన్న అనువాదం వాడుకలో ఉంది. డబ్బు చెల్లించినదే చందా అని తెలుగు పాఠకుడు అర్థం చేసుకుంటాడు. ఈ లేఖలు ఇక వద్దు అన్న మాట అయోమయానికి తావివ్వదు. సమ్మతి ఉపసంహరణ సులభంగా ఉండాలన్న చట్టాశయం ఇటువంటి మాట ఎంపికలోనే నెరవేరుతుంది.

6. నమూనా పరిశీలన:

పై సమస్యలన్నీ ఒకే చోట కనిపించే కల్పిత లేఖ:

“ప్రియమైన రమ, మీ 2 పొట్లం సకినాలు నిజాంసాగర్కు పంపబడినది. దయచేసి మీ అభిప్రాయాన్ని పంచుకోగలరు. చందా రద్దు చేయుటకు ఇక్కడ నొక్కండి.”

సంబోధన అనుచితం. రామ అన్న పురుషుడు రమగా మారాడు. అంకెకు, వచనానికి పొందిక లేదు. ఊరి పేరు చెడింది. కర్మణి వాక్యం కృతకంగా ఉంది. దీనిని ఈ విధంగా సవరించవచ్చు:

“రామ గారికి నమస్కారం. మీరు కోరిన సరుకు ఈ రోజు పంపాం.
సరుకు: సకినాలు. పొట్లాల సంఖ్య: 2. చేరవలసిన ఊరు: నిజాంసాగర్.
లోటు ఏదైనా ఉంటే ఈ లేఖకే జవాబు రాయండి. మేమే చదువుతాం.
ఈ లేఖలు ఇక వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి.”

సవరించిన మూసలో ఏ పేరు, ఏ ఊరు, ఏ సంఖ్య చేరినా వాక్యం చెడదు. చరపాఠానికి ప్రత్యయాలు తగలకుండా, గారు అన్న ఒక్క పదం మీద విభక్తి భారం మోపడం ఇందులోని కీలకం. జవాబు రాయండి అన్న వాక్యం కూడా ముఖ్యమైనదే. జవాబు స్వీకరించని చిరునామా నుంచి లేఖ పంపడం పెద్ద సంస్థల అలవాటు. జవాబు చదివే మనిషి ఉండటమే చిన్న దుకాణానికి ఉన్న బలం.

7. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా కింది అంశాలు అవగతమవుతున్నాయి.

- చిన్న పట్టణంలో ఈ-మెయిల్ అందరికీ తగిన మాధ్యమం కాదు. విద్యాసంస్థలు, కార్యాలయాలు, టోకు వ్యాపారులు, వలస కుటుంబాల విషయంలో అది ప్రయోజనకరం.

- స్పష్టమైన తెలుగులో సమ్మతి తీసుకోవడం మర్యాద మాత్రమే కాదు, 2023 చట్టం దృష్ట్యా వ్యాపారి బాధ్యత.

- తెలుగు మూసల్లో చరపాఠానికి నేరుగా ప్రత్యయం చేర్చకుండా గారు, వారు అన్న పదాలను ఆధారం చేసుకోవడం, పట్టిక పద్ధతిని పాటించడం వల్ల విభక్తి, లింగ, వచన సమస్యలు చాలావరకు తొలగుతాయి.

- పేరును తెలుగు లిపిలో నమోదు చేయని జాబితాతో శుద్ధమైన తెలుగు లేఖ సాధ్యం కాదు.

- బాకీ వంటి సున్నిత విషయాలను, బంధువాచకాలను యంత్రానికి అప్పగించరాదు.

తెలుగు నామాలకు చతుర్థి రూపాలను సరిగా నిర్మించే చిన్న ఉపకరణం, బహువచన రూపాల పట్టిక, రోమన్ నుంచి తెలుగుకు పేర్ల నిఘంటువు ఈ రంగానికి తక్షణం అవసరమైనవి. ఇవి విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు చేపట్టదగిన పనులు. పాఠ్యప్రణాళికల్లోని లేఖారచన భాగంలో స్వయంచాలిత లేఖల మూసలకు చోటు కల్పిస్తే తెలుగు చదివిన విద్యార్థికి తన పట్టణంలోని దుకాణంలోనే ఉపాధి లభించే వీలుంటుంది. వ్యాకరణ సూత్రం తెలిసినవారు మూస రాయకపోతే, తెలియని యంత్రం రాసిన రూపాలే వాడుకగా స్థిరపడతాయి.